వారాంతపు పరీక్షల గురించి కోచింగ్ సెంటర్ల నిర్వాహకులకు బహిరంగ లేఖ

అశోక్‌నగర్, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాలలో గ్రూప్-1, గ్రూప్-2 తదితర పోటీ పరీక్షలకు శిక్షణ ఇస్తున్న కేంద్రాల నిర్వాహకులకు, అక్కడ పాఠాలు చెబుతున్న ఫ్యాకల్టీ సభ్యులకు నమస్కారం.

డిగ్రీ కళాశాలలో మనస్తత్వశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని. ఉండేది చిక్కడపల్లిలోనే కాబట్టి నగర కేంద్ర గ్రంథాలయం ఆవరణలో, జిరాక్స్ షాపుల ముందు, అర్ధరాత్రి దాటినా లైట్లు ఆరని స్టడీ హాళ్లలో మీ విద్యార్థులు నాకు రోజూ కనబడుతూనే ఉంటారు. వాళ్ల మెటీరియల్, వాళ్లు రాసిన ప్రశ్నపత్రాలు తరచూ నా చేతికి వస్తుంటాయి. ఈ లేఖ ఫీజుల గురించి గానీ, హోర్డింగుల మీద ఫొటోల గురించి గానీ కాదు. మీరు ప్రతి వారాంతంలో పెట్టే పరీక్ష గురించి మాత్రమే రాస్తున్నాను. ఆ పరీక్ష ఇప్పుడు చేస్తున్న మేలు కంటే ఎన్నో రెట్లు మేలు చేయగలదని, దానికి పెద్దగా ఖర్చు కూడా అక్కర్లేదని, ఇప్పుడున్న పద్ధతిలో మాత్రం అది మిమ్మల్ని, మీ విద్యార్థులను కూడా కొంత మోసం చేస్తోందని నా అభిప్రాయం.

నాకు అర్థమైనంతవరకు చాలా కేంద్రాల పద్ధతి ఇది. వారం పొడవునా ఒక అధ్యాయం చెబుతారు, రన్నింగ్ నోట్స్ రాయిస్తారు, ఆదివారం పొద్దున అదే అధ్యాయం మీద ఓఎంఆర్ షీటుతో పరీక్ష పెడతారు, సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులో ర్యాంకుల జాబితా వస్తుంది, సోమవారం కొత్త అధ్యాయం మొదలవుతుంది. పాత అధ్యాయం మళ్లీ ఎదురయ్యేది నెలల తర్వాత పెట్టే గ్రాండ్ టెస్టులోనే. అక్కడ మార్కులు ఒక్కసారిగా పడిపోతాయి. వారం వారం ముందు వరుసలో ఉన్న పిల్లలే గ్రాండ్ టెస్టు రాసి వచ్చి, చదివిందంతా ఎటు పోయిందో తెలియక తల పట్టుకుంటారు. రివిజన్ సరిగ్గా చేయలేదని మీరు అంటారు, తమ బుర్రలోనే ఏదో తక్కువుందని వాళ్లు అనుకుంటారు. తప్పు చాలావరకు ఆదివారం పరీక్షను ఆ వారం పాఠానికే పరిమితం చేయడంలో ఉందని నేను అంటాను.

నేర్చుకునేటప్పుడు కనబడే ప్రతిభ వేరు, తర్వాత నిలిచే జ్ఞానం వేరు అన్నది సంజ్ఞానాత్మక మనస్తత్వశాస్త్రంలో, అంటే మనమంతా కాగ్నిటివ్ సైకాలజీ అనే శాఖలో, బాగా స్థిరపడిన విషయం. నేర్చుకునే సమయంలో కొంత ఇబ్బంది పెట్టి, మార్కులు తగ్గించి, తీరా తర్వాత ఎక్కువ కాలం గుర్తుండేలా చేసే పద్ధతులకు రాబర్ట్ బియార్క్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1994లో ‘వాంఛనీయమైన కష్టాలు’ అని పేరు పెట్టారు. దీన్ని స్పష్టంగా చూపిన ప్రయోగాలలో ఒకటి 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేశారు. విద్యార్థులకు చిన్న వ్యాసం ఇచ్చి, కొందరిచేత దాన్ని నాలుగు విడతలూ చదివించారు. మరికొందరిచేత ఒక్క విడత చదివించి, మిగిలిన మూడు విడతలూ వ్యాసం చూడకుండా గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే చదువుతూ పోయినవాళ్లదే పైచేయి: వాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71 శాతమే. వారం తర్వాత పరీక్షిస్తే చదివినవాళ్లు 40 శాతానికి దిగిపోయారు, రాసినవాళ్లు 61 శాతం దగ్గర నిలబడ్డారు. పాఠం వేడి మీద ఉండగా మీరు పెట్టే ఆదివారం పరీక్ష మొదటి రకం ఫలితానికి దగ్గరగా ఉంటుంది. పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష అడిగేది రెండో రకాన్ని.

ఆ ప్రయోగంలో గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. రాసినవాళ్లు ఆ మూడు విడతల్లో మళ్లీ వ్యాసం మొహం చూడలేదు, ఎవరూ వాళ్ల తప్పులు దిద్దలేదు. కేవలం గుర్తుతెచ్చుకునే ప్రయత్నమే వాళ్ల జ్ఞాపకాన్ని గట్టిపరిచింది. పరీక్ష అనగానే వచ్చినదాన్ని కొలిచే సాధనమనే మనం అనుకుంటాం. అది నేర్పే సాధనం కూడా అని ఈ ఫలితం చెబుతోంది. మీ దగ్గర ఆ సాధనం ఇప్పటికే ఉంది. దాన్ని ర్యాంకులు తీయడానికి మాత్రమే వాడుతున్నారు.

గ్రంథాలయం బయట టీ కొట్టు దగ్గర ఒక అబ్బాయి తన నోట్స్ నాకు చూపించాడు. మొదటిసారి చదివినప్పుడు గీసిన గీతలు పసుపు రంగువి, రెండోసారి ఆకుపచ్చ, మూడోసారి గులాబీ. గీత పడని వాక్యం వెతికినా దొరకలేదు. నోట్స్ మూసేసి, 1969 తెలంగాణ ఉద్యమానికి దారితీసిన కారణాలు చెప్పమన్నాను. పాల్వంచ థర్మల్ కేంద్రం ఉద్యోగాల దగ్గర చక్కగా మొదలుపెట్టి, రెండో కారణం దగ్గర ఆగిపోయాడు. ‘వస్తది మేడం, పేజీ కళ్లముందే ఉన్నది, కిందికెళ్లి మూడో లైను’ అన్నాడు. లైను ఎక్కడుందో తెలుసు, లైనులో ఏముందో రాలేదు. ఆ అబ్బాయికి తెలివి తక్కువేమీ కాదు. మళ్లీ మళ్లీ చదివినప్పుడు వాక్యాలు పరిచయమైపోతాయి, పరిచయమైనదాన్ని మనసు వచ్చినదిగా లెక్కేసుకుంటుంది. కార్పికీ, రోడిగర్ 2008లో 40 స్వాహిలీ మాటలకు ఇంగ్లీషు అర్థాలు నేర్పిన ప్రయోగంలో ఇదే బయటపడింది: ఒకసారి సరిగ్గా చెప్పిన తర్వాత కూడా పదే పదే గుర్తుతెచ్చుకునేలా చేసినవాళ్లకు వారం తర్వాత దాదాపు 80 శాతం గుర్తుంటే, ఒకసారి వచ్చాక పరీక్షించడం మానేసి చదివించడం మాత్రం కొనసాగించినవాళ్లకు 36 శాతమే మిగిలింది. అయితే తమకు ఎంత గుర్తుంటుందని ముందుగా అడిగితే రెండు రకాలవాళ్లూ ఇంచుమించు ఒకే అంచనా చెప్పారు. అంటే, ఏ పద్ధతి పనిచేస్తోందో విద్యార్థి తనంతట తాను పసిగట్టలేడు. 2013లో జాన్ డన్లాస్కీ, ఆయన సహచరులు చదువుకునే పద్ధతులు పదింటిని తీసుకుని, వాటి మీద జరిగిన పరిశోధనలన్నీ పరిశీలించి, హైలైటర్‌తో గీతలు గీయడాన్ని, తిరగ చదవడాన్ని తక్కువ ప్రయోజనం ఉన్నవాటిలో చేర్చారు. తనను తాను పరీక్షించుకోవడం, విరామాలిచ్చి చదవడం మాత్రమే అధిక ప్రయోజనం ఉన్నవని తేల్చారు. విద్యార్థికి తెలియదు సరే, బోధించేవాళ్లకైనా తెలియాలి కదా అన్నదే నా మాట.

ఇక ఒక్కొక్క అధ్యాయాన్ని విడివిడిగా పరీక్షించడంలో ఉన్న చిక్కుకు మీ సిలబస్ నుంచే ఉదాహరణ తీసుకుంటాను. గ్రూప్-2 నాలుగో పేపర్ అయిన తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం మూడు దశలుగా ఉంటుంది: 1948 నుంచి 1970, 1971 నుంచి 1990, 1991 నుంచి 2014. తెలంగాణ అసంతృప్తిని చల్లార్చడానికి కేంద్రం ప్రకటించిన అష్టసూత్ర పథకం 1969 ఏప్రిల్‌లో వచ్చింది కాబట్టి మొదటి దశలో చెబుతారు. పంచసూత్ర పథకం 1972 నవంబర్‌లో, ఆరు సూత్రాల పథకం 1973 సెప్టెంబర్‌లో వచ్చాయి కాబట్టి అవి రెండో దశలోకి వెళ్తాయి. మొదటి దశ పరీక్షలో ‘సూత్రం’ అన్న మాట కనబడితే అది అష్టసూత్రమే అయి తీరాలి. విద్యార్థి పెద్దగా ఆలోచించకుండానే సరైన గడి నింపుతాడు. అసలు పరీక్షలో మూడు పథకాలూ ఒకే ప్రశ్న కింద నాలుగు ఆప్షన్లలో పక్కపక్కన కూర్చుంటాయి. తెలంగాణ మిగులు నిధుల లెక్క తేల్చడానికి భార్గవ కమిటీ, ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనల చట్టబద్ధత చూడడానికి వాంఛూ కమిటీ ఏ పథకం వల్ల వచ్చాయి? ముల్కీ నిబంధనలను కొంతకాలం కొనసాగించి ఆంధ్ర ప్రాంతంలో ఆగ్రహానికి కారణమైనది ఏది? వాటికి స్వస్తి చెప్పి రాజ్యాంగంలోని 371-డి అధికరణానికి, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులకు, చివరికి 1985 డిసెంబర్ నాటి 610 జీవోకు దారితీసింది ఏది? ఇక్కడ విద్యార్థికి కావలసింది ఒక్కో పథకం గురించి విడివిడిగా తెలియడం కాదు, ఒకదాని నుంచి ఇంకొకదాన్ని వేరు చేయగలగడం. వేరు చేసే అవసరం ఎన్నడూ రాని పరీక్షలు రాసినవాడికి ఆ నేర్పు ఎక్కడినుంచి వస్తుంది?

ఈ వేరుచేసే నేర్పు మీదనే నేట్ కోర్నెల్, రాబర్ట్ బియార్క్ 2008లో ప్రయోగం చేశారు. 12 మంది చిత్రకారుల ప్రకృతి దృశ్యాలను, కొందరివి వరసగా ఒకేచోట పెట్టి, మరికొందరివి ఇతరుల చిత్రాలతో కలిపి చూపించారు. తర్వాత అంతకుముందు చూడని కొత్త చిత్రాలు చూపి, గీసింది ఎవరో చెప్పమన్నారు. కలగలిపి చూసిన చిత్రకారులనే ఎక్కువ బాగా గుర్తుపట్టగలిగారు. విచిత్రమేమిటంటే, పరీక్ష రాసి ఆ లాభం పొందిన తర్వాత కూడా చాలామంది ఒకరివి ఒకేచోట చూడడమే మేలైన పద్ధతి అని చెప్పారు. మీ ఫీడ్‌బ్యాక్ ఫారాల మీద విద్యార్థులు ఇచ్చే అభిప్రాయాలను ఈ వెలుగులో చదవమని మనవి. ‘పాఠం సాఫీగా సాగింది’ అన్న మెప్పు, పాఠం నిలిచిందనడానికి రుజువు కాదు.

మెంటల్ ఎబిలిటీ, అరిథ్‌మెటిక్ సంగతి మరీ స్పష్టం. లాభనష్టాల వారంలో అన్నీ లాభనష్టాల లెక్కలే ఇస్తే, ఏ సూత్రం వాడాలో ప్రశ్నపత్రం శీర్షికే చెప్పేస్తుంది. 2007లో డగ్ రోరర్, కెల్లీ టేలర్ ఘనాకృతుల ఘనపరిమాణం లెక్కలను ఒక జట్టుకు రకం తర్వాత రకంగా, ఇంకో జట్టుకు కలగలిపి ఇచ్చారు. సాధన చేసేటప్పుడు మొదటి జట్టుకు 89 శాతం, రెండో జట్టుకు 60 శాతం వచ్చాయి. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మొదటివాళ్లకు 20 శాతం, కలగలిపి చేసినవాళ్లకు 63 శాతం. సాధనలో 89 చూసి ఏ ఫ్యాకల్టీ అయినా సంతోషిస్తాడు; ఆ సంతోషమే ఇక్కడ దారి తప్పిస్తోంది.

బిట్ బ్యాంకుల గురించి కాస్త కటువుగానే రాయవలసి ఉంది. బహుళైచ్ఛిక ప్రశ్నలో మూడు తప్పు సమాధానాలు ఉంటాయి, విద్యార్థి వాటిని కూడా శ్రద్ధగా చదువుతాడు. 2005లో రోడిగర్, ఎలిజబెత్ మార్ష్ చూపిన ప్రకారం, అలాంటి ప్రశ్నలకు సమాధానాలు గుర్తించినవారు తర్వాత ఆప్షన్లు లేకుండా అడిగితే, ఆ తప్పు ఆప్షన్లనే సరైనవిగా రాయడం పెరుగుతుంది. పాఠం ముందుగా చదవకుండా బిట్ల మీద పడినవాళ్లలో ఇది మరీ ఎక్కువ. సరైన సమాధానం వెంటనే తెలియజేస్తే ఈ నష్టం బాగా తగ్గుతుందని కూడా తర్వాతి ప్రయోగాలు చూపాయి. ఇప్పుడు మన పరిస్థితి చూడండి. ర్యాంకుల జాబితా అదే సాయంత్రం వస్తుంది, కీ రెండు రోజుల తర్వాత వస్తుంది, వివరణ రాదు. జిరాక్స్ షాపుల్లో దొరికే బిట్ బ్యాంకుల కీలలో తప్పులుంటాయని మీకూ తెలుసు, వాటిలో కొన్ని మీ కేంద్రాల పేర్లతోనే చలామణి అవుతున్నాయి. తప్పు కీ వల్ల పోయేది ఆ ఒక్క మార్కు మాత్రమే కాదు, విద్యార్థి ఆ తప్పును కష్టపడి నేర్చుకుంటాడు.

మరచిపోవడం గురించి మీ ప్రకటనల్లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ పేరు, ఆయన పేరుతో చలామణి అయ్యే మరపు రేఖ కనబడుతుంటాయి. ఒక్క రోజులో ఇంత శాతం మరచిపోతామని భయపెట్టి, కింద మీ రివిజన్ బ్యాచ్ ఫీజు రాస్తారు. 1885లో ఆయన అచ్చువేసిన ఆ లెక్క అర్థం లేని అక్షర సముదాయాల మీద, తన ఒక్కడి మీదనే చేసినది. ఆయన కొలిచినది కూడా మళ్లీ నేర్చుకోవడానికి పట్టే సమయంలో ఎంత ఆదా అయిందన్నది. రాజ్యాంగ అధికరణాలకు ఆ శాతాలను యథాతథంగా అంటగట్టకూడదు. విరామాలిచ్చి నేర్చుకుంటే తక్కువ శ్రమతో సరిపోతుందని కూడా అదే పుస్తకంలో ఆయన చూపారు, మీ ప్రకటనలకు పనికొచ్చే మాట అది.

విరామం ఎంత ఉండాలన్నదానికి 2008లో నికొలస్ సెపెడా బృందం 1,350 మందికి పైగా మనుషులతో చేసిన పరిశోధన మంచి ఆధారం. పరీక్ష వారం దూరంలో ఉంటే రెండు చదువుల మధ్య ఎడం ఆ వ్యవధిలో 20 నుంచి 40 శాతం, ఏడాది దూరంలో ఉంటే 5 నుంచి 10 శాతం ఉండడం ఎక్కువ ఫలితమిచ్చింది. ఏడాది తర్వాతి పరీక్షకు తయారయ్యేవాడు ఒక అధ్యాయాన్ని సుమారు మూడు నుంచి ఐదు వారాల ఎడంతో మళ్లీ పలకరించాలన్నమాట. మన దగ్గర పరీక్ష తేదీల భాగ్యం అందరికీ తెలిసిందే: గ్రూప్-2 పరీక్ష పలుమార్లు వాయిదా పడి చివరికి 2024 డిసెంబర్ 15, 16 తేదీలలో జరిగింది. తేదీ దగ్గరపడ్డాక మొత్తం ఒక్కసారి తిప్పేద్దామని పెట్టుకున్న ప్రణాళిక వాయిదా పడిన ప్రతిసారీ నీరుగారిపోతుంది. నాలుగు వారాలకోసారి పాత పాఠం తగిలే ఏర్పాటు ఉంటే తేదీ ఎటు జరిగినా నష్టం తక్కువ.

ఇరవై నాలుగు గంటల స్టడీ హాళ్ల మీద ఒక్క మాటే చెప్పి వదిలేస్తాను. నేర్చుకున్న తర్వాత మెలకువగా గడిపినదాని కంటే నిద్రపోతే మరపు తక్కువని 1924లోనే జెంకిన్స్, డలెన్‌బాక్ చూపారు, ఆ తర్వాత వచ్చిన పరిశోధన దాన్ని బలపరిచింది. నిద్ర మానుకుని చదవడాన్ని ప్రేరణ తరగతుల్లో ఆదర్శంగా చెప్పడం ఆపండి. మీరు చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా అని తేల్చే పరీక్షలకు డబ్బులు తీసుకోవడం కూడా ఆపండి. అలా విభజించి చెబితే చదువు మెరుగవుతుందనడానికి తగిన ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం చేసిన సమీక్ష తేల్చింది.

మీ వైపునుంచి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు, అది తేలికైనది కాదు. పాతవి కలిపి పరీక్ష పెడితే మార్కులు తగ్గుతాయి. అన్ని జిల్లాల నుంచి పొలం కౌలు డబ్బులో, అక్కాబావలు సర్దిన డబ్బులో తెచ్చి కట్టిన పిల్లలు, 110 వచ్చేచోట 70 వస్తే దిగులు పడతారు, పక్క సందులోని సెంటర్‌లో అందరికీ 110 వస్తున్నాయని విని అటు మారిపోతారు. ఆ భయం నిజమైనదే. కానీ రోరర్ ప్రయోగంలోని 89, 60 అంకెలను మొదటి రోజే బోర్డు మీద రాసి, వారం తర్వాతి 20, 63 అంకెలను వాటి పక్కన వేసి, ఎందుకు తగ్గుతున్నాయో బ్యాచ్‌కు చెప్పేయవచ్చు. పాత పాఠాల ప్రశ్నల మార్కులను ర్యాంకులో కలపకుండా విడిగా ఇవ్వవచ్చు. నిజానికి వాటికి ర్యాంకే అక్కర్లేదు. జవాబు తప్పినా పరవాలేదన్న భరోసా ఉన్నచోటే విద్యార్థి ఊహించే ధైర్యం చేస్తాడు.

ఈ ప్రయోగాల పరిమితులు కూడా దాచను. వీటిలో చాలావరకు అమెరికా కళాశాల విద్యార్థుల మీద, చిన్న వ్యాసాల మీద, వారం రోజుల వ్యవధిలో జరిగినవి. అర్థం కాని పాఠాన్ని ఎన్నిసార్లు గుర్తుతెచ్చుకోమన్నా లాభం లేదు, కాబట్టి మంచి బోధనకు పరీక్ష ప్రత్యామ్నాయం కాదు. గ్రూప్-1 మెయిన్స్ వ్యాసాలకు బిట్లు చాలవు, అక్కడ నోట్స్ మూసి పూర్తి జవాబు రాయించవలసిందే. ఇన్ని చెప్పుకున్నా, పైన చెప్పిన ఫలితాలు వేర్వేరు వయసులవాళ్లలో, నిజమైన తరగతి గదుల్లో కూడా మళ్లీ మళ్లీ కనబడ్డాయి కాబట్టి, మన అశోక్‌నగర్‌కు వర్తించవనడానికి నాకు కారణం కనబడదు.

అందుచేత నేను కోరుతున్నది ఇంత. వచ్చే బ్యాచ్ నుంచి ఆదివారం పరీక్షలో సగం ప్రశ్నలు ఆ వారం పాఠం నుంచి, మిగిలిన సగం నెల కిందటి, అంతకుముందటి పాఠాల నుంచి ఇవ్వండి. ఒకదానితో ఒకటి తారుమారయ్యే పథకాలను, కమిటీలను, అధికరణాలను కావాలనే ఒకే ప్రశ్నలోకి తీసుకురండి. కీ, వివరణ అదే పూట ఇవ్వండి, ర్యాంకులు మర్నాడు ఇచ్చినా కొంపలేమీ మునగవు. ప్రతి తరగతి చివర పది నిమిషాలు నోట్స్ మూయించి, విన్నది తెల్లకాగితం మీద రాయించండి.

నా మాట నమ్మనక్కర్లేదు, మీరే చూసుకోవచ్చు. ఒకే ఫ్యాకల్టీ చెప్పే రెండు బ్యాచ్‌లలో ఏది కొత్త పద్ధతికి వెళ్లాలో చీటీ తీసి నిర్ణయించి, రెంటికీ ఒకే గ్రాండ్ టెస్ట్ పెట్టండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఈ ఊళ్లోనే ఉన్నాయి. విద్యార్థుల పేర్లు తీసేసిన మార్కులను అలాంటి పరిశోధకుల ముందు పెట్టి, తేడా ఉందో లేదో లెక్క తేల్చమని అడగవచ్చు. ముందుకు వచ్చే ఏ కేంద్రానికైనా, పాత ప్రశ్నలను కొత్తవాటితో కలిపి పత్రాలు తయారుచేసే పనిలో మొదటి నెల నేను ఏ రుసుమూ లేకుండా సాయం చేస్తాను. తేడా ఏమీ లేదని తేలితే ఆ ఫలితాన్ని కూడా బహిరంగంగానే ప్రకటిద్దాం.

భవదీయురాలు,
మనస్తత్వశాస్త్ర విశ్రాంత అధ్యాపకురాలు,
చిక్కడపల్లి, హైదరాబాద్.